పైగుడ్డ కింద ఒకటిన్నర

అనంతపురం పోటీల్లో ధర్మవరం చేతిలో రెండే రెండు పాయింట్ల తేడాతో మన ముదిగుబ్బ జట్టు ఓడిపోయి వచ్చిన సంగతి చదువరులు మరిచిపోయి ఉండవచ్చు. ముదిగుబ్బలో మాత్రం ఎవరూ మరిచిపోలేదు. ఆ పుండు మీద కారం చల్లడానికే అన్నట్టు, ఆదివారం సంతనాడు ధర్మవరం జట్టును పోషించే పట్టుచీరల గంగాధరప్ప చుట్టపుచూపుగా వచ్చి మాబు సాబ్ టీ హోటల్లో కూర్చున్నాడు. "మీ తిప్పన్నను మాకిచ్చేయండప్పా, మా శ్రీరంగప్పను మీరు తోలుకపోండి" అని నవ్వాడు. గొర్రెల దళారి జమాల్ సాబుకు రోషం వచ్చింది. భుజం మీది పైగుడ్డ తీసి గంగాధరప్ప చేతి మీద కప్పాడు. గుడ్డ కింద వేళ్ళు పట్టుకుని ఇద్దరూ బేరం మొదలుపెట్టారు. ఒక వేలంటే ఒక ఆటగాడు. చివరకు తిప్పన్నకు ఒకటిన్నర దగ్గర ఖరారయింది. ఒకటి శ్రీరంగప్ప, అర కొత్త తోలు చెండు. హోటల్లో ఉన్నవాళ్ళంతా కడుపు పట్టుకుని నవ్వారు. పోయిన వారం మనం కథను వదిలిపెట్టింది ఆ నవ్వుల మధ్యే.

ఆ నవ్విన వాళ్ళు చేసిన తప్పు ఒకటుంది. ఏ మాటైనా నవ్వులాటకు అనవచ్చు గానీ, ఆ సీమలో పైగుడ్డ కప్పి అనకూడదు. గొర్రెల సంతలో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడి చేతినీ కొనేవాడి చేతినీ గుడ్డ కింద కలిపి, దళారి వేళ్ళతోనే పలికిస్తాడు. గుడ్డ తీసి "ఖరారు" అన్నాక ఆకాశం ఊడిపడినా ఆ మాట తిరగదు. జమాల్ సాబ్ చెయ్యి ముప్పై ఏళ్ళుగా ఒక్కసారి కూడా తిరగలేదు. ముదిగుబ్బ నుంచి కదిరి దాకా ఆయన చేతికి ఉన్న పరపతి ఆయన నోటికి లేదు. నోరు, అందులోనూ ఆట గురించి, కాస్త పెద్దది.

ఆట అంటే బాస్కెట్ బాల్. ఊళ్ళో వాళ్ళకు అది బుట్టచెండు. మద్రాసులో చదివి వచ్చిన డ్రిల్లు మేస్టరు యేసన్న, కమ్మరి కొలిమిలో రెండు ఇనుప వలయాలు చేయించి, ఎనిమిదేళ్ళుగా చుక్క నీరు లేని ఊరి చెరువులో రెండు గుంజలు పాతించాడు. ఎండి గట్టిపడిన ఆ ఒండ్రు నేల మీద చెండు ఎగిరినట్టు అనంతపురం కాలేజీ కోర్టులో కూడా ఎగరదని మనవాళ్ళ అభిప్రాయం. చెరువులో నీళ్ళుంటే ముదిగుబ్బకు ఈ ఆట వచ్చేదే కాదు. కరువు వల్ల ఊరికి జరిగిన మేలు అదొక్కటే.

బుధవారం సాయంత్రం మాబు సాబ్ హోటల్లో మళ్ళీ సభ కూడింది. ఆదివారం మొదలైన మాట ఇంకా ఆగలేదు.

"శ్రీరంగప్ప వచ్చినాడనుకో," అన్నాడు మాబు సాబ్ టీ వడగడుతూ. "ఎడమ చేత్తో దూరం నుంచి ఏస్తాడు. ఆ ఏటు మన జట్టులో ఎవరికుండాది? చెప్పండప్పా."

"దూరం నుంచి ఏస్తాడు, నిజమే. బుట్ట కింద ఎవరు నిలబడతారు?" అన్నాడు యేసన్న మేస్టరు. "తిప్పన్న పోతే మనకు పొడుగాటోడు యాడుండాడు? చెండు తగిలి కింద పడతానే ధర్మారం వాళ్ళు ఎత్తుకపోతారు."

"దానికీ ఉండాది దారి." జమాల్ సాబ్ గ్లాసు పక్కన పెట్టాడు. ఆయనకు అరవై దగ్గర పడ్డాయి. జన్మలో ఒక్కసారి కూడా చెండు ముట్టుకోలేదు. ఊళ్ళో ఆట గురించి ఆయనకంటే ఎక్కువ తెలిసినవాడు మేస్టరు ఒక్కడే, అది కూడా మేస్టరు అభిప్రాయం. "గుంతకల్లు రైల్వే వాళ్ళ కాడ ఇద్దరు పొడుగోళ్ళుండారు. ఇద్దరూ ఒక్కతూరి ఆడరు. ఒగడు ఎప్పుడూ గట్టు మీదే. తిప్పన్నను ధర్మారానికిచ్చి శ్రీరంగప్పను తీసుకోల్ల. శ్రీరంగప్పను గుంతకల్లుకిచ్చి ఆ గట్టు మీదోణ్ణి తీసుకోల్ల."

"అప్పుడు మనకు శ్రీరంగప్ప ఉండడు గదా!"

"ఉండడు. పొడుగోడు ఉంటాడు."

"పొడుగోడు మనకు ఇప్పుడే ఉండాడు గదప్పా, తిప్పన్న!"

జమాల్ సాబ్ ఒక నిమిషం ఆలోచించాడు. ఊరంతా తిరిగి సొంత గడపకే వచ్చినట్టు ఆయనకూ అనిపించింది. అయితే ఒప్పుకునే మనిషి కాదు. "ఆ గుంతకల్లోడు రెండు పండ్లోడు. చిన్న వయసు. ఇంగా పెరుగుతాడు. తిప్పన్న నాలుగు పండ్లోడు" అన్నాడు.

గొర్రె వయసు పండ్లు చూసి చెబుతారు. జమాల్ సాబ్ మనుషుల వయసు కూడా అట్లాగే చెప్పేవాడు. మేస్టరు ఆరు పండ్లవాడని ఆయన తేల్చి రెండేళ్ళయింది. మేస్టరు ఇంకా ఆ మాట క్షమించలేదు.

"ఆ గుంతకల్లోని నోరు తెరిచి చూసినావా నువ్వు?" అన్నాడు మేస్టరు.

అందరూ నవ్వారు. తర్వాత ఇంకో గంట ఆట సాగింది. కంబదూరు నుంచి ఒక చురుకైన కుర్రాణ్ణి తెచ్చారు. అనంతపురం కాలేజీ నుంచి ఒకణ్ణి తెచ్చి, వాడు ఇంగ్లీషు ఎక్కువ మాట్లాడతాడని తిప్పి పంపారు. బెంగుళూరు నుంచి కూడా ఒకణ్ణి తెచ్చేవాళ్ళే, వాడికి ముదిగుబ్బ సంగటి పడదని మాబు సాబ్ అడ్డం తగిలాడు. అంతమంది వచ్చారు, అంతమంది పోయారు. వాళ్ళలో ఒక్కడినైనా నువ్వు వస్తావా అని అడగాలని ఎవరికీ తోచలేదు.

అప్పుడు తిప్పన్న వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. హోటల్ తలుపు ఎత్తు వాడికి చాలదు. వంగి లోపలికి చూశాడు. నవ్వులు ఆగిపోయాయి. తోలి అమ్మేసిన గొర్రె తిరిగి దొడ్డికి వస్తే చూసినట్టు చూశారు అందరూ.

"మామా, ఒక మాట. బయటికి రా" అన్నాడు జమాల్ సాబును.

ఇద్దరూ చెరువులోకి నడిచారు. పొద్దు వాలుతోంది. కోర్టు గీతలు ముగ్గుపిండితో వేసినవి, సగం చెరిగిపోయి ఉన్నాయి. బుట్ట గుంజ దగ్గర కూర్చుని తిప్పన్న అంగీ జేబులో నుంచి ఒక కార్డు తీశాడు. కార్డు మీద గంగాధరప్ప చేతిరాత. జమాల్ సాబుకు చదువు రాదు. తిప్పన్నే చదివాడు.

"'చిరంజీవి తిప్పన్నకు ఆశీస్సులు. ఆదివారం నాడు జమాల్ సాబుతో కుదిరిన మాట నీకు తెలిసే ఉండును. మా ఇంట ఒక మగ్గము ఖాళీగా ఉన్నది. పని నేర్పించి, అన్నము పెట్టి, సాయంకాలము ఆటకు పంపగలవాడను. ఆలోచించుకొని వచ్చే వారము లోపల రావలెను.'"

జమాల్ సాబ్ పకపకా నవ్వాడు. "చూసినావా ఆ గంగాధరప్ప! నవ్వులాటకన్న మాటను ఎట్ల పట్టుకున్నాడో! ఉండు, రేపే జవాబు రాయిస్తా మేస్టరుతో. నవ్వులాటకు అనింది, కోపం పెట్టుకోవాకు అని..."

"నవ్వులాట కాదని చెప్పు మామా."

జమాల్ సాబ్ నవ్వు ఆపాడు.

"ఏందిరా?"

"మా నాయనతో చెప్పల్ల నువ్వు. ఆ బేరం నిజమని. తిప్పన్నను ఇచ్చినా, ఖరారైపోయింది అని."

తిప్పన్న గొంతులో కోపం లేదు, ఎగతాళి లేదు. తిట్టడానికి వచ్చాడనుకుని జమాల్ సాబ్ దారి పొడుగునా జవాబులు కూర్చుకున్నాడు. వాటిలో ఒక్కటీ పనికిరాలేదు.

"నీకు పోవల్లనే ఉండాదా?"

"ఉండాది." తిప్పన్న నేల వైపు చూస్తూ చెప్పాడు. "నూటా ఇరవై గొర్రెలుండె మాకు. ఈ మూడేండ్లలో ముప్పై మిగిలినాయి. ముప్పైటి ఎనక ఇద్దరం నడుస్తాండాం, నేనూ మా నాయనా. ఒగరికొగరం అడ్డం. పోయిన ఏడు ధర్మారంలో ఆటకు పోయినప్పుడు ఆ గంగాధరప్ప ఇంట్లో మగ్గం చూసినా. చూస్తా చూస్తా గంటసేపు నిలబడిపోయినా. అది నేర్చుకోవల్లని ఉండాది మామా. అంతే."

"ఆ మాట మీ నాయనతో చెప్పు. నా కాడ చెప్తే ఏం లాభం?"

"నాలుగు తూర్లు చెప్పబోయినా. నోరు రాలేదు. మా ఇంట్లో మంద ఇడిసి పోయినోడు ఇంతవరకూ ఒక్కడూ లేడు. నేను అడిగితే ఆయన వొద్దనడు, ఏమీ అనడు. కంబళి కప్పుకొని అట్ల కూర్చుంటాడు. అది చూసి నేను పోలేను. నువ్వు ఇచ్చినావంటే ఆయనకు అది వేరే సంగతి. ఎన్ని వందల గొర్రెలను నీ చేతి మీద అమ్మినాడు ఆయన! జమాల్ సాబ్ చెయ్యి పడిందంటే ఇంగ మాట లేదంటాడు."

"నా చెయ్యి ఇంతవరకూ అబద్ధం చెప్పలేదురా."

"తెలుసు మామా. అందుకే నీ కాడికి వచ్చినా."

జమాల్ సాబ్ తల పైకెత్తి ఇనుప వలయాన్ని చూశాడు. ఏడేళ్ళ కిందట, ఇదే గుంజ కింద, అందరూ గుంపుగా ఎగురుతుంటే సన్నగా, పొడుగ్గా ఉన్న ఈ కురుబ పిల్లవాడు నింపాదిగా చెయ్యి చాపి అందరి నెత్తి మీద నుంచి చెండు తీసుకోవడం ఆయన చూశాడు. చెట్టు మీది రేగుపండు కోసుకున్నట్టు తీసుకున్నాడు. ఆ రోజు నుంచి జమాల్ సాబుకు ఈ ఆట పిచ్చి పట్టింది. ఆ పిచ్చికి పేరు బుట్టచెండు అని ఆయన అనుకుంటూ వచ్చాడు గానీ, దాని పేరు తిప్పన్న. వీడు పోతే తాను సాయంత్రాలు ఎక్కడికి పోవాలో ఆయనకు తెలియలేదు.

"రేపు పొద్దున్నే చెప్తా" అని మాత్రం అన్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి భార్య అమీర్ బీ పొయ్యి దగ్గర సంగటి కెలుకుతోంది. ఆయన జరిగినదంతా చెప్పాడు. ఆమె కెలకడం ఆపకుండానే విన్నది. ఆట మాటలు ఆ ఇంట్లో రోజూ వినబడేవే, అందులో సగం ఆమె ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసేది. ఈ మాట మాత్రం వదల్లేదు.

"అజీ, నేనొకటి అడుగుతా. నీకు తిప్పన్న కావల్లనా, తిప్పన్న ఆట కావల్లనా?"

"రెండూ ఒకటే గదా."

"నీకు ఒకటి. వానికి కాదు." సంగటి ముద్ద పళ్ళెంలో వేసింది. "ఊళ్ళో వాళ్ళందరినీ గుంతకల్లుకూ కంబదూరుకూ మారుస్తా ఉంటావు రోజంతా. ఒక్కడు నిజంగా పోతానంటే నీ గొంతు పడిపోయింది."

"అబద్ధం చెప్పల్ల గదే! పైగుడ్డ మీద!"

"ఆ పైగుడ్డ మీద ఎకసెక్కాలు ఆడింది ఎవరు? నేనా?"

జమాల్ సాబ్ సంగటి సగమే తిన్నాడు.

తెల్లవారేసరికి సంగతి ఊరంతా తెలిసిపోయింది. కార్డు తెచ్చిన పోస్టు బంట్రోతు మాబు సాబుకు చెప్పాడు, మాబు సాబ్ టీతో పాటు అందరికీ పోశాడు. జమాల్ సాబ్ తిప్పన్న తండ్రి ఎర్రప్ప దొడ్డి దారి పట్టేసరికి వెనక పాతిక మంది నడిచారు. అందరికీ ధీమాగానే ఉంది. ఈయన పోయి "నవ్వులాటకు అనిందప్పా" అంటాడు, ఎర్రప్ప నాలుగు తిడతాడు, తిప్పన్న ఊళ్ళోనే ఉంటాడు, సాయంత్రం యథాప్రకారం ఆట. మేస్టరు విజిలు కూడా మెడలో వేసుకునే వచ్చాడు.

దొడ్డి చుట్టూ కంప వేసి ఉంది. ఎర్రప్ప లోపల ఒక గొర్రెపిల్లను ఒళ్ళో పెట్టుకుని దాని గిట్టలో విరిగిన ముల్లు తీస్తున్నాడు. నల్ల కంబళి భుజం మీద ఉంది. మనిషి కొడుకంత పొడుగే గానీ, వయసుకు కాస్త వంగాడు. తక్కువ మాటల మనిషి. మాట్లాడితే ఎదుటివాడు మరిచిపోలేడు. తిప్పన్న కంపకు అవతల పక్క నిలబడి ఉన్నాడు, దగ్గరికి రాలేదు.

"ఏమప్పా జమాల్ సాబూ," అన్నాడు ఎర్రప్ప తల ఎత్తకుండా. "ఊరంతా ఎంటేసుకొని వచ్చినావు. పొట్టేలు కొనేకా?"

"లేదు ఎర్రప్పా."

"నా కొడుకును ఇచ్చేసినావంట గదా."

మాబు సాబ్ ముందుకు దూకాడు. "అదేం లేదు ఎర్రప్పన్నా! నవ్వులాటకు..."

"నిన్ను అడగలే."

మాబు సాబ్ వెనక్కి జరిగాడు. ఎర్రప్ప ముల్లు తీసి పారేసి, పిల్లను నేల మీద వదిలాడు. అది కుంటుకుంటూ తల్లి దగ్గరికి పోయింది. అప్పుడు తలెత్తి జమాల్ సాబును చూశాడు.

"పైగుడ్డ కప్పినావా?"

"కప్పినా."

"నవ్వులాటకా, నిజంగానా?"

జమాల్ సాబ్ కంప అవతలికి చూశాడు. తిప్పన్న ఆయన వైపు చూడటం లేదు, తండ్రి వైపు చూస్తున్నాడు. నవ్వులాటకు అని ఒక్క మాట అంటే చాలు. అది నిజం కూడా. చెయ్యి మాట నిలబడుతుంది, జట్టు నిలబడుతుంది, సాయంత్రాలు నిలబడతాయి. ఆ కొడుకు ఒక్కడే ముప్పై గొర్రెల వెనక తండ్రికి అడ్డం పడుతూ నడుస్తాడు.

"నిజంగానే" అన్నాడు జమాల్ సాబ్. "ఖరారైపోయింది."

వెనక ఒక్కసారిగా గోల లేచింది. "ఏమి మనిషివయ్యా నువ్వు!" అన్నాడు మేస్టరు. ఏడేళ్ళలో ఆయన జమాల్ సాబుతో ఎన్నో వాదించాడు గానీ ఈ గొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదు. మాబు సాబ్ మొహం తిప్పుకున్నాడు. ఎవరో "ధర్మారానికి అమ్ముడుపోయినాడు ముసలోడు" అన్నారు. జమాల్ సాబుకు ఆ మాట వినబడింది. చెవులు వేడెక్కాయి. ముప్పై ఏళ్ళ చేతిని ఇంత తేలిగ్గా పారేసుకున్నానా అని ఆయన మనసు కుమిలిపోయింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

ఎర్రప్ప గోల సద్దుమణిగేదాకా ఆగాడు.

"ఎంతకు?" అన్నాడు.

"ఆ?"

"ఎంతకు ఇచ్చినావప్పా నా కొడుకును? ఎన్ని వేళ్ళకు?"

"ఒకటిన్నర. శ్రీరంగప్ప ఒకటి. కొత్త చెండు అర."

అప్పటిదాకా నెమ్మదిగా ఉన్న ఎర్రప్ప లేచి నిలబడ్డాడు. కంబళి భుజం మీద నుంచి జారిపోయింది. ఆయన పట్టించుకోలేదు.

"ఒకటిన్నరా?"

ఆ కేకకు గొర్రెలన్నీ ఒక మూలకు చేరాయి.

"ఏం చూసి ఇచ్చినావప్పా ఒకటిన్నరకు? అనంతపురంలో మనవాళ్ళు ఏసిన ముప్పై నాలుగులో పద్దెనిమిది నా కొడుకువి! ఆ శ్రీరంగప్ప ఎన్ని ఏసినాడు? పదకొండు. దాంట్లో రెండు మేస్టరు పక్కన కూర్చున్న పిల్లోడు కాలు అడ్డం పెట్టినందుకు పుక్కటగా వచ్చినవి. ఎడమచేతోడు, కుడి పక్కకు తరిమితే ఏయలేడు. ఆ సంగతి మీకెవరికైనా తెలుసునా? అట్లాంటోడికీ ఒక చెండుకీ నా కొడుకు సమానమా? రెండున్నరకు తక్కువైతే చెయ్యి ఇడిసేవాడివి గాదే నువ్వు, ముసలి గొర్రెకు గూడా!"

మేస్టరు తెరిచిన నోరు మూయలేదు. ఆయన లెక్కలో కూడా శ్రీరంగప్ప పదకొండే వేశాడు, అయితే ఆ లెక్క ఆయన నోటుబుక్కులో తప్ప ఎక్కడా లేదు.

తిప్పన్న కంప దాటి వచ్చాడు. "నాయనా," అన్నాడు. "నువ్వు అనంతపురం వచ్చినావా? ఆ పొద్దు గొర్రెల మందుకు పోతాండానంటివే!"

"మందు గూడా తెచ్చినా" అన్నాడు ఎర్రప్ప.

ఆ మాట అనేసి ఆయన కొడుకు వైపు చూడలేక కంబళి ఎత్తుకోవడానికి వంగాడు. దులిపాడు, మళ్ళీ దులిపాడు. దాంట్లో దుమ్మేమీ లేదు. జమాల్ సాబుకు అప్పుడు అర్థమైంది. ఏడేళ్ళుగా ప్రతి సాయంత్రం చెరువు కట్ట మీద ఎర్రప్ప గొర్రెలు మేస్తుండేవి. మేయడానికి అక్కడ గడ్డి లేదు. ఆ సంగతి అందరికీ కనబడుతూనే ఉంది, ఎవరూ చూడలేదు. ఊళ్ళో తనకంటే ఎక్కువ పిచ్చివాడు ఇంకొకడున్నాడు, పాపం ఒక్కడే కట్ట మీద నిలబడి చూశాడు. జమాల్ సాబుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎప్పుడైనా కిందికి రాగూడదా నాయనా?" అన్నాడు తిప్పన్న.

"గొర్రెలను ఎవరు చూస్తారు, మీ తాతా?" అన్నాడు ఎర్రప్ప. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "పోవల్లని ఉండాదా నీకు?"

"ఉండాది నాయనా. మగ్గం నేర్చుకోవల్లని."

"ఆ మాట నా కాడ చెప్పలేక ఈ సాయిబు చేత చెప్పించినావు."

తిప్పన్న తల వంచుకున్నాడు. ఎర్రప్ప జమాల్ సాబ్ దగ్గరగా వచ్చాడు. ఆయన కుడిచేతిని తన చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, వదిలేశాడు.

"దీన్ని నేను ముప్పై ఏండ్లుగా పట్టుకుంటాండా. ఇది ఎట్లుంటే నిజమో ఎట్లుంటే కాదో నాకు తెల్దా? ఈ పొద్దు ఇది వణుకుతాండాది. నేనేం అడగను. నలుగురి ముందర ఖరారన్నావు, ఖరారే. ఒకటిన్నరంటే ఒకటిన్నరే. నా కొడుకు పోతాడు."

తిప్పన్న తండ్రి కాళ్ళకు వంగబోయాడు.

"ఉండరా, అప్పుడే యాడికి?" ఎర్రప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. "బేరమంటే ఒక పక్కనేనా? మనది పోతాంది సరే, మనకు రావాల్సింది యాడ? ఆ ఒకటి యాడ, ఆ అర యాడ? నువ్వు పోతే బుట్ట కింద ఎవరు నిలబడతారు, మాబు సాబా? ఇప్పుడే పాతిక మంది ఈయనను ధర్మారానికి అమ్ముడుపోయినాడన్నారు, నా చెవులారా విన్నా. ఆ మాట నా ముందర పడింది, నా కొడుకు వల్ల పడింది. ఆదివారం సంతకు ఆ శ్రీరంగప్ప చేతిలో కొత్త చెండు పట్టుకొని మన కోర్టులో నిలబడల్ల. నిలబడినాడా, అదే పొద్దు నా కొడుకును నేనే రైలెక్కిస్తా. లేదంటే బేరం అబద్ధమని నువ్వే సంత నడుమ చెప్పల్ల జమాల్ సాబూ. వీడు యాడికీ పోడు."

ఈ తీర్పు పాతిక మందికీ నచ్చింది. మాబు సాబ్ మొహం మళ్ళీ ఇటు తిరిగింది. మేస్టరు అప్పుడే శ్రీరంగప్పను ఏ పక్క నిలబెట్టాలో నేల మీద పుల్లతో గీయడం మొదలుపెట్టాడు. జమాల్ సాబుకు కూడా ప్రాణం లేచి వచ్చింది. గంగాధరప్పను ఒప్పించడం కష్టమే, అయినా తన చేతికి లొంగని బేరం ఇంతవరకూ లేదు. ఆదివారానికి ఇంకా మూడు రోజులున్నాయి.

"మధ్యాన్నం రైలుకే పోతా" అని ఎర్రప్పకు మాట ఇచ్చి, పైగుడ్డ భుజాన సర్దుకుని స్టేషను దారి పట్టాడు. తిప్పన్న వెంట నడిచాడు. దొడ్డి దాటి, గుంపు మాటలు వినబడనంత దూరం వచ్చాక వాడు ఆగిపోయాడు.

"మామా, ధర్మారం పోయి ఏం లాభం లేదు."

"ఏంరా? గంగాధరప్ప ఇయ్యడనా?"

"ఇయ్యనీకి ఆయన కాడ ఉంటే గదా." తిప్పన్న రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. "ధర్మారం నుంచి వచ్చినోళ్ళు నిన్ననే చెప్పినారు, శ్రీరంగప్ప సోమవారమే బెంగుళూరు మిల్లులో పనికి పోయినాడు మామా. ఇంగ రాడంట. వాడు ఇడిసిపోయిన మగ్గమే గంగాధరప్ప నాకిస్తానంటాండాడు."